జ్వరం వచ్చిన బిడ్డకు సిరప్ ఎంత పోయాలి?

పిల్లలకు పారాసిటమాల్ మోతాదు బరువును బట్టి ఉండాలి: ఒక్కసారికి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు దాటకూడదు. అసలు ప్రమాదం సీసాలతోనే. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సిరప్ ఆ బిడ్డకు 6 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 3 చాలు. మిల్లీలీటరుకు 100 ఉండే చుక్కల మందు ఒకటిన్నర మిల్లీలీటరే. దాన్ని సిరప్ లెక్కన 6 పోస్తే మోతాదు నాలుగింతలవుతుంది, కాలేయం దెబ్బతినవచ్చు. అందుకే లేబుల్ చదవకుండా సీసా మూత తీయకూడదు. వంటింటి చెంచా కొలతకు పనికిరాదు.

మోతాదుల మధ్య 4 నుంచి 6 గంటలు ఆగాలి, రోజుకు నాలుగు మించకూడదు. కొన్ని జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి ఇవ్వకూడదు. డెంగీ అనుమానముంటే జ్వరానికి వాడే మరో మందు ఐబూప్రొఫెన్ వద్దు. మూడు నెలల లోపు పసికందుకు జ్వరమొస్తే మందు పోయకముందే డాక్టరుకు చూపించాలి.