నహారీకి నాన్, చాయ్‌కి బన్

ప్రశ్న: హైదరాబాద్ చార్‌కోనీ నాన్, షీర్మాల్, ఇరానీ హోటల్ బన్... వేటిని ఎలా తినాలి?

జవాబు: ముందు చార్‌కోనీ నాన్ తినండి, దాని ముందు మిగతావి నాకు ఆనవు. దీనికి పేరున్న మున్షీ నాన్ దుకాణం పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైంది. నాలుగు మూలలుగా మలిచిన పిండిని తందూరు గోడకు అంటించి కాలుస్తారు. అంచు కరకర, నడుమ మెత్తన. పొగలుండగానే తుంచి నహారీ, పాయా లాంటి మాంసం పులుసుల్లో ముంచండి. చల్లారితే తోలులా సాగుతుంది. అప్పుడు నీళ్లు చిలకరించి, మూతపెట్టి పెనంపై వేడిచేయండి. షీర్మాల్ పిండిలో నీళ్లకు బదులు చక్కెర కలిపిన పాలు పోస్తారు కాబట్టి కాస్త తీపి. ఘాటైన కుర్మాకు చక్కగా కుదురుతుంది. బన్‌కి వెన్న దండిగా రాయించుకుని చాయ్‌లో ముంచండి. ముంచిన వెంటనే తీయాలి, నానితే కప్పులోనే విరిగిపోతుంది.