పశువైద్య డిప్లొమా పిల్లలు ముందు ఆరోగ్యంగా ఉన్న ఆవును పట్టి చూడాలి

పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలు మీ ఊళ్లో ఉంటే, సెలవుల్లో మీ కొట్టానికి రమ్మనండి. సూది వేయడం డాక్టరు గారి దగ్గర నేర్చుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న ఆవు ఎలా ఉంటుందో మాత్రం రోజూ చేత్తో పట్టి చూస్తేనే తెలుస్తుంది.

వీడియోలో చూపించినట్టు, ఆవు నీడలో కుదుటపడ్డాక, తన్నకుండా పక్కకు నిలబడి 3 చూడాలి.

1. జ్వరం: థర్మామీటర్ మలద్వారంలో పక్క గోడకు ఆనాలి. పేడలో గుచ్చుకుంటే లెక్క తప్పుతుంది. మామూలుగా 101 నుంచి 102 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది.

2. నాడి: తోక మొదట్లో అడుగువైపు వేళ్లు పెట్టండి. పెద్ద ఆవుకు నిమిషానికి 50 నుంచి 80 సార్లు కొట్టుకుంటుంది.

3. పొట్ట కదలిక: ఎడమ డొక్కలో పిడికిలి ఆనించండి. 2 నిమిషాల్లో 2, 3 సార్లు చేతిని నెట్టాలి.

ఇవన్నీ రోజూ ఒకే వేళకు నోటుబుక్కులో రాయించండి. ఎప్పుడైనా ఎడమ డొక్క డోలులా ఉబ్బి, నెమరు ఆగిందా, అది కడుపు ఉబ్బరం. గంటల్లోనే ప్రాణం పోవచ్చు. వెంటనే డాక్టరు గారికి ఫోన్ చేసి ఆ అంకెలు చెప్పాలి. ఆ ఆవు పోతే మన జీవామృతం కూడా ఆగిపోతుంది.

వచ్చే వీడియోలో పొదుగు పట్టి చూసే పద్ధతి చెప్పుకుందాం.