పాటకు అనుమతి అడగలేదు

జంషెడ్‌పూర్‌లో మకర సంక్రాంతికి సువర్ణరేఖ ఒడ్డున టుసు పాటలు మనమంతా వింటాం. 1954లో, అప్పటి బీహార్‌లోని మానభూమ్ జిల్లాలో, బంగ్లా భాష కోసం ఆ బాణీల్లో పాడినవారిని జైల్లో పెట్టారు. పండుగ పాటకు జైలా అని మేము ఆశ్చర్యపోయాం. తెలుగునాట ఇలాంటి కథ అంతకంటే పాతది.

నిజాం పాలనలో సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. ఉపన్యాసాన్ని ఆపడం తేలికే. కానీ గొల్లసుద్దులు, బుర్రకథ ఊళ్లో ఎప్పుడూ ఉన్నవే కదా! సుద్దాల హనుమంతుగారు ఆ బాణీల్లోనే దొరల వెట్టిచాకిరీ మీద పాటలు కట్టి పాడారు. కరపత్రమైతే పోలీసులు లాక్కుంటారు, చదువురాని రైతుకు నోటికి వచ్చిన పాటను ఎలా లాక్కుంటారు? మమ్మల్ని బాగా కదిలించింది పశువులు కాసే పిల్లవాడి పాట. బడికి పోవలసిన వయసులో దొర గొడ్ల వెంట తిరిగిన ఆ పిల్లవాడు మన ఈడువాడే. 1979 నాటి ‘మా భూమి’ సినిమాలో ఆ పాట వినవచ్చు.

మతపెద్దలు ఏలే ఇరాన్‌లో 2022లో షెర్విన్ హాజీపూర్ అనే యువకుడు, జనం ట్విట్టర్‌లో రాసుకున్న మాటలనే పాటగా కూర్చాడు. అతన్ని అరెస్టు చేశారు. అప్పటికే లక్షలాది మంది వినేశారు.