రెండు హైదరాబాదులు

అచ్చంపేట నల్లమల అడవి అంచున ఉన్న ఊరు. 2010లో అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. ఆ ఊళ్లో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో బట్టలు కుట్టి బతికే ఒక ఆమె ఉంది. ఆమెకు అరవై ఏళ్లు. వాడలో హిందువులూ ముస్లిములూ అందరూ ఆమెను ఖాలమ్మ అని పిలుస్తారు. ఖాలా అంటే ఉర్దూలో అమ్మ అక్క లేదా చెల్లెలు. దానికి మన అమ్మను కలిపి ఖాలమ్మ చేశారు.

ఖాలమ్మకు ఒక్కతే అక్క. ఆమెను ఆపా అంటుంది. ఆపా పాకిస్తాన్‌లో ఉంది. కరాచీ నగరంలో ఉంది. అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసి 47 ఏళ్లయింది.

ఒక ఇల్లు రెండు దేశాల్లోకి ఎట్లా పోయింది?

గీత ఎట్లా పడింది?

1947 ఆగస్టులో మన దేశానికి స్వతంత్రం వచ్చింది. అప్పుడే దేశం రెండు ముక్కలయింది. పాకిస్తాన్ వేరే దేశమయింది. అచ్చంపేట అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. నిజాం ఏ దేశంలోనూ కలవలేదు. ఆ రోజుల్లో రజాకార్లు పల్లెల మీద పడి దౌర్జన్యాలు చేశారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. దీన్నే పోలీసు చర్య అంటారు. ఆ తర్వాత రోజుల్లో ఏ తప్పూ చేయని ముస్లిములు కూడా చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

భయంతో కొందరు ఊళ్లు విడిచారు. కొందరు ఉద్యోగాల కోసం పోయారు. చాలామంది బొంబాయికి పోయి, అక్కడ ఓడ ఎక్కి కరాచీలో దిగారు. ఖాలమ్మ మేనమామ అట్లా పోయినవాడే. అమ్మా నాన్నా మాత్రం అచ్చంపేట విడవలేదు. "మన బొందలు ఇక్కడనే ఉన్నయి. మనం యాడికి పోతం?" అన్నాడు నాన్న.

మొదట్లో రాకపోకలు సులువుగానే ఉండేవి. 1948లో పర్మిట్ వచ్చింది. 1952 అక్టోబరు నుంచి పాస్‌పోర్టు కావాలన్నారు. అయినా చుట్టరికాలు తెగలేదు. 1963లో ఆపాను మేనమామ కొడుక్కే ఇచ్చి పెళ్లి చేశారు. రాజస్థాన్ ఎడారి మీదుగా పోయే రైలులో ఆపా అత్తవారింటికి పోయింది. అప్పుడు ఖాలమ్మకు 13 ఏళ్లు.

రెండేళ్లకే, 1965లో యుద్ధం వచ్చింది. ఆ రైలు ఆగిపోయింది. 41 ఏళ్లు నడవలేదు.

ఉత్తరాలు

ఆపా ఉత్తరాలు రాసేది. ఉర్దూలో రాసేది. ఖాలమ్మకు చదవరాదు. మసీదు దగ్గర ఒక పెద్దాయన చదివి వినిపించేవాడు. "అంతా బాగున్నాం" అనే ఉండేది. ఇంకొకరు చదివే ఉత్తరంలో కడుపులో మాట ఎవరు రాస్తారు?

నలభై ఏళ్లు దాటినాక ఖాలమ్మ రాత్రి బడికి పోయింది. తెలుగు నేర్చుకుంది. కొలతలు రాసుకోవడం మొదలుపెట్టింది. ఎవరి రవిక ఎంత, ఎవరు ఎంత బాకీ, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేది. ఉర్దూ ఉత్తరం చదవడం మాత్రం రాలేదు. కానీ కాగితం అంటే భయం పోయింది.

ప్రయాణం

2006 ఫిబ్రవరిలో ఎడారి రైలు మళ్లీ మొదలైంది. దాని పేరు థార్ ఎక్స్‌ప్రెస్. వారానికి ఒక్కసారి నడిచేది. 2010లో ఆపాకు జబ్బు చేసింది. "ఒక్కసారి రా" అని ఫోన్ చేసింది.

ఖాలమ్మ సికింద్రాబాద్‌లో పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసింది. వేలిముద్ర వేయలేదు. తెలుగులో సంతకం చేసింది. తర్వాత వీసా కావాలి. వీసా అంటే మా దేశానికి రావచ్చు అని ఆ దేశం ఇచ్చే అనుమతి. దాన్ని ఢిల్లీలోని పాకిస్తాన్ హైకమిషన్ ఇవ్వాలి. దానికి ఆపా ఇంటి నుంచి పిలుపు ఉత్తరం తెప్పించారు. అక్కడి వాళ్ల గుర్తింపు కార్డు నకలు కూడా పెట్టారు. చాలా రోజులకు వీసా వచ్చింది.

వీసా ఇంగ్లీషులో ఉంది. ఖాలమ్మ కొడుకును కూర్చోబెట్టింది. "ఒక్కొక్క ముక్క చదువు బిడ్డా" అంది. తను నోటుబుక్కులో ఇట్లా రాసుకుంది:

పోవలసిన ఊరు: కరాచీ. ఒక్కటే.
ఉండే గడువు: 30 రోజులు.
పోయే దారి, వచ్చే దారి: మునాబావ్, ఖోఖ్రాపార్.
దిగిన 24 గంటల లోపల పోలీసులకు చెప్పాలి.
తిరిగి వచ్చే ముందు మళ్లీ చెప్పాలి.
ఆపా ఇల్లు: హైదరాబాద్ కాలనీ, కరాచీ.

కింద రెండు ఫోన్ నంబర్లు రాసుకుంది.

కొడుకు జోధ్‌పూర్ దాకా వచ్చి రైలెక్కించాడు. హైదరాబాద్ నుంచి పోతున్న ఒక కుటుంబం తోడు దొరికింది. రైలు ఇసుక దిబ్బల మధ్య పోయింది. సరిహద్దు దగ్గర అందరూ దిగారు. సామాన్లు విప్పి చూశారు. కాగితాలు చూశారు. ముద్రలు వేశారు. అందరూ రైలు మారారు.

రాత్రి ఖాలమ్మకు కునుకు పట్టింది. "హైదరాబాద్ వచ్చింది" అని ఎవరో అన్నారు. ఆమె ఉలిక్కిపడి లేచింది. "మళ్లీ ఎనకకు వచ్చినమా?" అంది. పెట్టెలో వాళ్లంతా నవ్వారు. పాకిస్తాన్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది. అది సింధ్ రాష్ట్రంలో, సింధు నది ఒడ్డున ఉంది. కరాచీకి సుమారు 160 కిలోమీటర్ల దూరం.

ఆపా ఇల్లు

కరాచీ స్టేషన్‌లో ఒక ముసలామె కర్ర పట్టుకొని నిలబడి ఉంది. ఖాలమ్మ ఆమెను దాటి పోయింది. ఖాలమ్మ మనసులో ఉన్నది పదిహేడేళ్ల పిల్ల. ముసలామె వెనక నుంచి చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచింది. ఆ పేరు తెలిసినవాళ్లు లోకంలో ఒక్కరే మిగిలారు. ఇద్దరూ పట్టుకొని ఏడ్చారు.

అదే రోజు పోలీసు ఆఫీసుకు పోయి పేరు రాయించారు. పాకిస్తాన్ నుంచి మన దేశానికి వచ్చిన చుట్టాలకు కూడా ఇదే నియమం ఉండేది.

గడియారం ముల్లు అరగంట వెనక్కి తిప్పుకోవాలి. మనకు పది గంటలైతే అక్కడ తొమ్మిదిన్నర. డబ్బును అక్కడ కూడా రూపాయి అనే అంటారు. కానీ ఆ రూపాయి వేరు, మన రూపాయి వేరు. బజారు పలకలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూను కుడి నుంచి ఎడమకు చదవాలి. బస్సుల మీద రంగురంగుల పూలు, పక్షులు గీసి ఉంటాయి.

హైదరాబాద్ కాలనీలో మాత్రం ఖాలమ్మకు కొత్త అనిపించలేదు. మన వైపు నుంచి పోయినవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. దుకాణాల్లో పచ్చళ్లు, బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ అమ్ముతారు. ఇంట్లో చింతపండు వేసిన ఖట్టీ దాల్, దాని మీద కరివేపాకు పోపు. వద్దు అనడానికి "నక్కో" అంటారు. కరాచీలో మిగతావాళ్లు ఆ మాట వినగానే "మీరు దక్కన్ వాళ్లా?" అని అడుగుతారు.

ఖాలమ్మ మూటలోంచి చింతపండు, నల్లమల తేనె తీసింది. ఆపా తేనె నాలుక మీద వేసుకొని చాలాసేపు మాట్లాడలేదు.

కష్టాలు కూడా అవే. కరెంటు పోతుంది. నల్లా నీళ్లు సరిగా రావు. ట్యాంకరు వస్తే ఆడవాళ్లు బిందెలతో ఉరుకుతారు. ఖాలమ్మ కూడా బిందె అందుకుంది. "చుట్టంగా వచ్చినవ్, కూసో" అన్నారు. "నీళ్లకాడ చుట్టమేంది?" అంది ఖాలమ్మ.

ఒక సాయంత్రం క్లిఫ్టన్ దగ్గర సముద్రం చూపించారు. ఎండిన గట్టు నేల మీద పుట్టిన మనిషి అన్ని నీళ్లు చూడడం అదే మొదలు.

రాత్రిళ్లు ఆపా మాట్లాడేది. ఉత్తరంలో రాయనివన్నీ చెప్పింది. మొదటి కాన్పులో బిడ్డ పోయిందని చెప్పింది. అమ్మ చనిపోయిన కబురు నెల తర్వాత అందిందని చెప్పింది.

పెళ్లి

ఆపా బిడ్డ సింధ్ హైదరాబాద్‌లో ఉంటుంది. ఆమె కూతురికి అనుకోకుండా పెళ్లి కుదిరింది. పెళ్లి పన్నెండో రోజున. అందరూ బయలుదేరుతున్నారు.

"పా, నువ్వు కూడా. రెండున్నర గంటల దారి. పొద్దున పోయి రాత్రికి వస్తం" అన్నాడు ఆపా కొడుకు.

ఖాలమ్మ నోటుబుక్కు తెరిచింది. "పోవలసిన ఊరు: కరాచీ. ఒక్కటే" అని చదివింది.

"ఎవ్వరు సూస్తరు ఖాలా? మాలెక్కనే ఉన్నవ్. మాలెక్కనే మాట్లాడుతున్నవ్" అన్నాడు.

ఆ మాట నిజమే. ఖాలమ్మకు పోవాలనే ఉంది. వీసాలో లేని ఊరికి పోతే నేరం. పట్టుబడితే జైలు కావచ్చు. పిలిచిన ఇంటివాళ్లు కూడా పోలీసుల చుట్టూ తిరగాలి. ఇంకోసారి వీసా రాదు.

"నువ్వు రాకుంటే నేను కూడ పోను" అంది ఆపా.

"నువ్వు పో ఆపా. పిల్లకు నువ్వు అమ్మమ్మవు" అంది ఖాలమ్మ. "నా పేరు హైదరాబాద్ కాగితం మీద లేదు. ఇది నేను సదువుకున్న. తెల్వక పోతే వేరే మాట. తెలిసి ఎట్ల పోను?"

వాళ్లు పోయారు. ఆ పూట ఖాలమ్మ ఒక్కతే ఉంది. పక్కింటామె చాయ్ తెచ్చి ఇచ్చి కూర్చుంది. పెళ్లి జరిగే వేళకు ఖాలమ్మ అరచేతులు ఎత్తి దువా చేసింది. తర్వాత పెళ్లికూతురి కోసం తెచ్చిన గుడ్డ తీసి కుట్టు మొదలుపెట్టింది.

మూడో రోజు పెళ్లికూతురే కరాచీ వచ్చింది. ఖాలమ్మ చేతులకు గాజులు తొడిగింది. సింధ్ హైదరాబాద్ గాజులకు పేరు పడ్డ ఊరు. మన హైదరాబాద్‌లో లాడ్ బజార్ ఎట్లనో అక్కడ గాజుల పని అట్లా. ఫ్యాక్టరీ నుంచి గాజు చుట్టలు ముక్కలుగా వస్తాయి. ఆడవాళ్లు ఇంట్లో మంట దగ్గర కూర్చొని ఆ ముక్కల కొసలు అతుకుతారు. కళ్లు మండుతాయి. కూలి తక్కువ. మన దగ్గర బీడీలు చుట్టే అక్కల కష్టం వంటిదే. ఇంట్లో చేసే పని కూడా పనే అని గుర్తిస్తూ సింధ్ రాష్ట్రంలో 2018లో ఒక చట్టం వచ్చింది.

తిరుగు దారి

గడువు ముగియక ముందే ఖాలమ్మ పోలీసు ఆఫీసులో చెప్పి బయలుదేరింది. వచ్చిన దారినే వచ్చింది. సరిహద్దులో అధికారి కాగితాలు చూశాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ముద్ర వేసి ఇచ్చాడు.

ఆ రైలు ఇప్పటి మాట కాదు. 2019 ఆగస్టులో థార్ ఎక్స్‌ప్రెస్ ఆగింది. ఢిల్లీ, లాహోర్ దారిలో నడిచిన సంఝౌతా ఎక్స్‌ప్రెస్, లాహోర్ బస్సు కూడా ఆ నెలలోనే ఆగాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు పర్యాటకులను చంపారు. ఆ తర్వాత రెండు దేశాలూ వీసాలు రద్దు చేశాయి. అటారీ దగ్గర సరిహద్దు దారి మూసేశారు. ఎక్కడెక్కడి చుట్టాలు గడువు లోపల ఉరుకులు పరుగుల మీద ఇళ్లకు తిరిగారు.

దేశాల తగాదా పెద్దవాళ్లు తేల్చాలి. చెల్లెలికి అక్క అక్కే. ఖాలమ్మ పెట్టెలో రెండు గాజులు, ఒక నోటుబుక్కు ఉన్నాయి.

గుర్తుంచుకోండి

పాస్‌పోర్టు మీరు ఎవరో చెబుతుంది. వీసా ఎక్కడికి పోవచ్చో, ఎన్నాళ్లు ఉండవచ్చో చెబుతుంది. పాకిస్తాన్‌కే కాదు, గల్ఫ్‌కు పోయినా, ఏ దేశం పోయినా ఇంతే. ఇంగ్లీషు రాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోండి. విన్నది తెలుగులో మీ చేతితో రాసుకోండి. నకలు ఒకటి ఇంట్లో పెట్టిపోండి.

మాట్లాడుకోండి

1. ఖాలమ్మ పెళ్లికి పోకపోవడం సరైనదేనా? మీరైతే ఏం చేసేవారు?
2. ఆపా తన కష్టాలు ఉత్తరంలో ఎందుకు రాయలేదు?
3. అచ్చంపేటకూ కరాచీకీ కలిసే సంగతులు ఏమిటి? కలవనివి ఏమిటి?
4. మీ ఊరి నుంచి దూర దేశం పోయినవాళ్లు ఎవరు? ఎందుకు పోయారు?

రాయండి

మీ పేరు, ఊరు, మండలం, జిల్లా రాయండి. మీ ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు రెండు రాయండి. దూరంగా ఉన్న అక్కకో, చెల్లెలికో, బిడ్డకో ఐదు వాక్యాల ఉత్తరం రాయండి. మీరు రాసింది ఇంకొకరితో చదివించకండి. మీరే చదివి చూసుకోండి.