సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కొంటున్నారా? ముందు షట్టర్ కౌంట్ చూడండి

పాత బైక్ కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడకుండా కొంటామా? కెమెరా దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలామంది బాడీ మీద గీతలు లేవని డబ్బులిచ్చేస్తారు. కెమెరాకీ అలాంటి లెక్క ఒకటి ఉంటుంది. అదే షట్టర్ కౌంట్.

మొన్న సెలవులకి ఉదయగిరి వెళ్తే మా తమ్ముడు నన్ను ఆత్మకూరుకి లాక్కెళ్లాడు. వాడికి పెళ్లి ఫోటోలు తీయాలని కోరిక. రెండేళ్లు దాచిన 35 వేలు జేబులో ఉన్నాయి. అక్కడ ఒకాయన నికాన్ డి7200 అమ్ముతున్నారు. "ఎంత వాడారన్నా?" అని అడిగితే స్క్రీన్ మీద ఫోటో నంబర్ చూపించారు. 6412. "ఆరు వేలే తమ్ముడూ, కొత్తదాని కిందే లెక్క" అన్నారు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఫైల్ నంబర్‌కి నాలుగు అంకెలే. 9999 దాటగానే మళ్లీ 0001. పైగా సెట్టింగ్స్‌లో ఎవరైనా రీసెట్ చేసుకోవచ్చు. అసలు లెక్క వేరే చోట ఉంటుంది.

ఎలా చూడాలి?

1. కెమెరాలో మీ మెమరీ కార్డ్ పెట్టి అప్పటికప్పుడు ఒక ఫోటో తీయండి.

2. ఆ ఫోటోని ఎడిట్ చేయకుండా కార్డ్ రీడర్‌తో ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే లోపలి వివరాలు పోతాయి. అమ్మేవాళ్లు దూరంగా ఉంటే "డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగండి.

3. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫైల్ తెరిచి 'షట్టర్ కౌంట్' అన్న లైన్ వెతకండి. నికాన్, పెంటాక్స్ డీఎస్ఎల్ఆర్‌లకి ఇది బాగా పనిచేస్తుంది.

కానన్ అయితే వేరే దారి. ఎక్కువ కానన్ డీఎస్ఎల్ఆర్‌లు ఈ నంబర్‌ని ఫోటోలో రాయవు. కెమెరాని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి చదవాలి. లినక్స్‌లో జీఫోటో2 కొన్ని మోడళ్లకి చూపిస్తుంది. కాబట్టి కేబుల్ తీసుకెళ్లడం మర్చిపోవద్దు.

మా దగ్గర వచ్చిన నంబర్ 1,36,482. తమ్ముడి ముఖం మారిపోయింది. అమ్మే ఆయనా నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆయన కూడా దాన్ని సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నారట!

ఈ నంబర్‌తో ఏం తెలుస్తుంది?

షట్టర్ అంటే సెన్సార్ ముందు తెరుచుకుని మూసుకునే సన్నని రేకుల తెర. వాడేకొద్దీ అరుగుతుంది. కంపెనీలు దాన్ని ఇన్నిసార్లని టెస్ట్ చేసి చెబుతాయి. కానన్ 80డి లక్ష, నికాన్ డి7200 లక్షన్నర, డి850 రెండు లక్షలు. ఇది ఎక్స్‌పైరీ డేట్ కాదు. కొన్ని ముందే పోతాయి, కొన్ని దాటాక కూడా నడుస్తాయి. కానీ పెళ్లికి 2,500 షాట్లు వేసుకుంటే 40 పెళ్లిళ్లకే లక్ష. మా తమ్ముడు చూసిన కెమెరాకి మిగిలింది ఐదారు పెళ్లిళ్లే!

కౌంట్ తక్కువుందని కళ్లు మూసుకుని కొనకండి. వీడియో తీస్తున్నంతసేపూ షట్టర్ తెరుచుకునే ఉంటుంది, గంటలు తీసినా కౌంట్ పెద్దగా పెరగదు. మిర్రర్‌లెస్‌లో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే మెకానికల్ షట్టర్ కదలనే కదలదు. అందుకే ఇంకో టెస్ట్ చేయండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఖాళీ ఆకాశాన్ని 1/4000 స్పీడ్‌లో పది షాట్లు తీయండి. ఏ ఫోటోలోనైనా ఒక అంచు నల్లగా వస్తే షట్టర్‌లో తేడా ఉన్నట్టే.

ఆయన ఎనిమిది వేలు తగ్గిస్తానన్నారు. ఇంట్లో సరదాగా వాడేవాళ్లకైతే అది మంచి బేరమే. తమ్ముడు మాత్రం వద్దన్నాడు. తాళి కట్టేటప్పుడు షట్టర్ ఆగిపోతే "ఇంకోసారి కట్టండి" అనలేం కదా! తిరుగు బస్సులో వాడు అడిగిన మొదటి మాట: "అన్నా, ఆ సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లో కూడా వేసిపెట్టు."