హ్యాష్ బ్యాష్‌కు వెళ్లే ముందు మీ వీసా గురించి ఆలోచించండి

ఏటా ఏప్రిల్ మొదటి శనివారం మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో హ్యాష్ బ్యాష్ జరుగుతుంది. గంజాయిని చట్టబద్ధం చేయాలని 1972లో మొదలైన సభ అది. యూనివర్సిటీ నడిబొడ్డున డయాగ్ అనే మైదానంలో మధ్యాహ్నం పన్నెండుకు ఉపన్యాసాలు మొదలవుతాయి. పక్కనే మన్రో వీధిలో పాటలు, స్టాళ్లు, తిండి బళ్లతో జాతర సాగుతుంది. అక్కడికి కారులో కాస్త దూరంలోనే నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ ఉన్నాయి. కార్ల కంపెనీల్లో, వాటికి పనిచేసే ఐటీ సంస్థల్లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేది ఆ ఊళ్లలోనే. ఆఫీసు మిత్రులు రమ్మంటే వెళ్లవచ్చా అని హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, చదువు అయ్యాక పనిచేసేందుకు ఇచ్చే ఓపీటీ అనుమతి మీద కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు.

నేను చెప్పేది ఒకటే. వెళ్లండి, ఉపన్యాసాలు వినండి, నచ్చితే ప్లకార్డు పట్టుకోండి. కానీ గంజాయిని మాత్రం ముట్టుకోకండి. మీరు అమెరికా పౌరులయ్యేంతవరకు మిషిగన్ ఇచ్చిన అనుమతి మిమ్మల్ని కాపాడదు.

మిషిగన్ ఓటర్లు 2018 నవంబరులో గంజాయిని చట్టబద్ధం చేశారు. 21 ఏళ్లు నిండిన వాళ్లు రెండున్నర ఔన్సులు, అంటే దాదాపు 70 గ్రాములు, దగ్గర ఉంచుకోవచ్చు. హైవే పక్కన డిస్పెన్సరీల బోర్డులు చూస్తూ రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఇందులో తప్పేముంది అనిపించడం సహజం. అయితే వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం రాష్ట్రం చేతిలో లేవు. అవి ఫెడరల్ ప్రభుత్వానివి. ఫెడరల్ చట్టం 1970 నుంచి గంజాయిని నియంత్రిత పదార్థంగానే చూస్తోంది. దాన్ని ఆ చట్టంలోని కఠినమైన ఒకటో షెడ్యూల్ నుంచి మూడో షెడ్యూల్‌కు మార్చాలన్న ప్రతిపాదన 2024లో వచ్చినప్పుడు ఇక భయం లేదని చాలామంది అనుకున్నారు. షెడ్యూల్ ఏదైనా నియంత్రిత పదార్థం నియంత్రిత పదార్థమే. ఇమిగ్రేషన్ చట్టం అడిగేది అంతవరకే.

ఈ సంగతి ఎంత పాతదో హ్యాష్ బ్యాష్ పుట్టుకలోనే కనిపిస్తుంది. జాన్ సింక్లెయిర్ అనే కవి, ఉద్యమకారుడు మారుపేరుతో వచ్చిన పోలీసుకు రెండు గంజాయి సిగరెట్లు ఇచ్చినందుకు 1969లో ఆయనకు పదేళ్ల జైలుశిక్ష వేశారు. ఆయన విడుదల కోసం 1971 డిసెంబరు 10న ఆన్ ఆర్బర్‌లోని క్రైస్లర్ అరీనాలో పెద్ద సభ జరిగింది. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్, ఆయన భార్య యోకో ఓనో వచ్చి పాడారు. మూడు రోజులకు సింక్లెయిర్ బయటికి వచ్చాడు. 1972 మార్చిలో మిషిగన్ సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. కొత్త చట్టం అమల్లోకి వచ్చిన ఏప్రిల్ 1న జనం డయాగ్‌లో గుమిగూడారు. అదే మొదటి హ్యాష్ బ్యాష్.

లెనన్ విషయమే మనం గుర్తుపెట్టుకోవాలి. ఆయన కూడా అమెరికాలో వీసా మీద ఉన్న విదేశీయుడే. 1968లో లండన్‌లో ఆయన ఇంట్లో కొంచెం గంజాయి బంక దొరికింది. నేరం ఒప్పుకుని 150 పౌండ్ల జరిమానా కట్టాడు. ఆయన రాజకీయాలు నచ్చని ప్రభుత్వం 1972లో ఆయనను దేశం నుంచి పంపే ప్రయత్నం మొదలుపెట్టింది. అందుకు చూపిన చట్టపరమైన కారణం ఆ పాత కేసే. దగ్గరున్నది గంజాయి అని నిందితుడికి తెలుసో లేదో కూడా నాటి బ్రిటిష్ చట్టం పట్టించుకోలేదని, అందువల్ల ఆ శిక్షను చూపి ఆయనను పంపేయడం కుదరదని 1975 అక్టోబరులో అప్పీలు కోర్టు చెప్పేదాకా ఆయనకు ఊరట దొరకలేదు. గ్రీన్ కార్డు 1976 జులైలో వచ్చింది. ప్రపంచమంతా ఎరిగిన గాయకుడికి, మంచి లాయరు అండగా ఉన్నా, నాలుగేళ్లు పట్టింది. ఎడ్యుకేషన్ లోను తీరకుండానే ఓపీటీ మీద బతికే మన పిల్లవాడికి అంత ఓపిక, అంత డబ్బు ఎక్కడివి?

చట్టం ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సగం సమాచారం తప్పు. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి ఉన్న ఒక్క కేసు ఉంటే దేశం నుంచి పంపేయరన్న మినహాయింపు నిజంగానే ఉంది. కానీ అది లోపల ఉన్నవాళ్లను పంపేసే విషయంలో మాత్రమే. వీసా స్టాంపింగ్‌కు హైదరాబాద్ వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు లెక్క వేరు. అక్కడ అదే చిన్న కేసు వీసాకు అడ్డం పడుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా ఇండియా వచ్చి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఇరుక్కోవచ్చు. శిక్ష పడకపోయినా, మత్తు పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించానని అధికారి ముందు ఒప్పుకుంటే అది కూడా కారణమవుతుంది. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ పూర్తిచేస్తే కేసు కొట్టేస్తామని రాష్ట్ర కోర్టు అనవచ్చు. ఇమిగ్రేషన్ దృష్టిలో అలా ఒప్పుకున్నది చాలాసార్లు శిక్ష కిందికే వస్తుంది.

అందుకే పోలీసు కేసు ఏదైనా ఎదురైతే, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా నేరం ఒప్పుకోకండి. 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడీయా కేసులో ఈ విషయమే చెప్పింది. నలభై ఏళ్లుగా గ్రీన్ కార్డుతో ఉన్న, వియత్నాం యుద్ధంలో పనిచేసిన ఒక ట్రక్కు డ్రైవరు గంజాయి రవాణా కేసులో నేరం ఒప్పుకున్నాడు. దేశం విడిచిపోవాల్సిన పని ఉండదని లాయరు చెప్పిన మాట తప్పని తేలింది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని లాయరు ముందే చెప్పి తీరాలని కోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి మీ లాయర్‌ను ఆ ప్రశ్న సూటిగా అడగండి.

ఇక ఆ శనివారం సంగతి. డయాగ్ యూనివర్సిటీ స్థలం. ఫెడరల్ నిధులు తీసుకునే యూనివర్సిటీ క్యాంపస్‌లో గంజాయిని నిషేధించింది. రాష్ట్రమంతటా బహిరంగ ప్రదేశంలో తాగడం కూడా నిషిద్ధమే. అక్కడ చాలామంది తాగుతుంటారు, పోలీసులు చూసీచూడనట్టు వదిలేస్తారని మిత్రులు చెబుతారు. పౌరులైన వాళ్లకు టికెట్ రాస్తే జరిమానాతో పోతుంది. మీకు రాస్తే ఆ కాగితం ప్రతి వీసా ఫారంలోనూ వెంటాడుతుంది. 2025 వసంతంలో చిన్నచిన్న పోలీసు రికార్డులు ఉన్నాయని సెవిస్ అనే ఫెడరల్ డేటాబేస్‌లో వేల మంది విదేశీ విద్యార్థుల రికార్డులు రద్దు చేశారు. వాళ్లలో మన పిల్లలు చాలామంది. కోర్టుల్లో కేసులు పడ్డాకే వాటిని తిరిగి పెట్టారు. ఆ వారాల్లో ఆ ఇళ్లలో నిద్ర లేదు.

స్టాల్‌లో ఉచితంగా ఇచ్చే గమ్మీలు, చాక్లెట్లు తీసుకోకండి. మిత్రుడి బ్యాగు కాసేపు పట్టుకోమన్నా వద్దనండి. ఎవరు తాగి ఉన్నా మీరు వాళ్ల కారు ఎక్కకండి. మీరే మత్తులో కారు నడిపి అరెస్టయితే, కోర్టు ఏమీ తేల్చకముందే విదేశాంగ శాఖ వీసా రద్దు చేయగలదు. దేశంలోకి వచ్చిన రికార్డు అయిన ఐ-94 లేదా గ్రీన్ కార్డు దగ్గర ఉంచుకోండి. 18 ఏళ్లు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ పత్రం వెంట ఉంచుకోవాలని చట్టం చెబుతోంది. అక్కడి నుంచి డెట్రాయిట్ వంతెన దాటి కెనడా వెళ్లే ఆలోచన ఉంటే, మిషిగన్‌లోనూ కెనడాలోనూ గంజాయి చట్టబద్ధమైనా సరిహద్దు దాటించడం నేరమని తెలుసుకోండి.

ఫోటోల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2025 డిసెంబరు నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు. ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలన్నారు. ఆ కొత్త పద్ధతి వల్ల ఇండియాలో ఎన్నో ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. ప్లకార్డు పట్టుకున్న ఫోటో మీ అభిప్రాయం. పొగ మధ్య నవ్వుతూ పెట్టిన సెల్ఫీ మాత్రం అధికారికి ఒక ప్రశ్న అందిస్తుంది.

ఉద్యోగం వైపు చూస్తే, మాట్లాడే స్వేచ్ఛ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది కానీ ప్రైవేటు యజమానిని చేయదు. కాలిఫోర్నియాలో 2024 నుంచి, ఆఫీసు వేళల బయటి గంజాయి వాడకానికి కొంత రక్షణ ఉంది. మిషిగన్‌లో ప్రైవేటు ఉద్యోగికి అలాంటిది లేదు. కొలరాడోలో డిష్ నెట్‌వర్క్ ఉద్యోగి కోట్స్ పక్షవాతంతో చక్రాల కుర్చీకే పరిమితమై, డాక్టరు సలహాతో గంజాయి వాడేవాడు. పరీక్షలో తేలగానే ఉద్యోగం పోయింది. ఫెడరల్ చట్టం ఒప్పుకోనిది చట్టబద్ధమైన పని కాదని 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. మీ క్లయింటు ఆసుపత్రో ఫెడరల్ కాంట్రాక్టరో అయితే ఆఫర్ లెటర్‌లో డ్రగ్ టెస్టు షరతు ఉందేమో చూడండి. ఆరుబయట పక్కవాళ్ల పొగ వల్ల పరీక్షలో దొరికిపోయే అవకాశం చాలా తక్కువ. అయినా ఆ పొగలో గంటల తరబడి నిలబడాల్సిన పని లేదు. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకు మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు.

జాతరలో ఎవరైనా ఉద్యోగాల కార్డు కూడా మీ చేతిలో పెట్టవచ్చు. డిస్పెన్సరీకి యాప్ రాసిపెట్టడం, స్టాల్‌లో రోజుకూలీకి నిలబడటం, మిత్రులతో కలిసి గంజాయి వ్యాపారంలో వాటా కొనడం మన సంఘంలో మామూలు మాటలైపోయాయి. హెచ్-1బి మీద స్పాన్సర్ కాని చోట జీతానికి పనిచేయడమే తప్పు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కూడా, రాష్ట్ర లైసెన్సు ఉన్న గంజాయి సంస్థలో ఉద్యోగం పౌరసత్వానికి అడ్డు కావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లోనే రాతపూర్వకంగా ప్రకటించింది. జీతం ఎంతైనా ఈ పనికి నేను వద్దనే చెబుతాను.

ఇప్పటికే ఎప్పుడో ఒకసారి వాడినవాళ్లు, టికెట్ పడినవాళ్లు ఉంటారు. సిగ్గుపడి దాచకండి. మత్తు పదార్థాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అని వీసా ఫారం సూటిగా అడుగుతుంది. గ్రీన్ కార్డు మెడికల్‌లో డాక్టరూ వాడకం గురించి అడుగుతారు. అబద్ధం రాస్తే అది జీవితకాలపు నిషేధానికి దారితీయవచ్చు. నిజం ఎలా రాయాలో తెలిసిన ఇమిగ్రేషన్ లాయర్‌ను ఇండియాకు విమానం టికెట్ బుక్ చేసుకోకముందే కలవండి.