శెనక్కాయ పొట్టు బొగ్గు, మామిడి తొక్క, హైడ్రోజన్

మామిడి తొక్క పులిసే సీసాలో బయోచార్ అనే బొగ్గు వేసినప్పుడు హైడ్రోజన్ ఎక్కువ వస్తే అది బయోచార్ చలవేనా అన్న సందేహం న్యాయమైనదే, తల్లీ. సీసాలో బొగ్గు చేసే పనులను విడదీసి చూస్తే గాని దానికి జవాబు దొరకదు.

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురి సీజన్‌లో వదిలే తొక్కల్లో చక్కెర ఉంటుంది. గాలి తగలని తొట్టిలో క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా దాన్ని తిని ఆమ్లాలనూ, కార్బన్ డయాక్సైడ్‌నూ, హైడ్రోజన్‌నూ వదులుతుంది. ఒక మోల్ గ్లూకోజ్ పూర్తిగా ఎసిటిక్ ఆమ్లంగా మారితే 4 మోల్‌ల హైడ్రోజన్, బ్యుటిరిక్ ఆమ్లంగా మారితే 2. బొగ్గు ఎంత వేసినా ఆ 4 దాటదు.

శెనక్కాయ పొట్టును గాలి ఆడకుండా కాల్చగా వచ్చిన బొగ్గులో కొంత బూడిద ఉంటుంది. పులిసేకొద్దీ పెరిగే ఆమ్లాన్ని ఆ బూడిదలోని క్షారం విరుస్తుంది. పీహెచ్ 5.5 దగ్గర ఈ బ్యాక్టీరియా చురుగ్గా ఉంటుంది, 4.5 కిందికి జారితే హైడ్రోజన్ పడిపోతుంది. తొక్కలోని పాలీఫినాల్‌లు బ్యాక్టీరియాను అణచకుండా బొగ్గు రంధ్రాలు వాటిని కొంత పీల్చుకుంటాయి. గరుకు పైభాగం మీద బ్యాక్టీరియా పొర కట్టి నిలుస్తుంది. ఎలక్ట్రాన్ల మార్పిడికీ బొగ్గు తోడ్పడవచ్చు. అయితే క్షారం లెక్క తేలకముందే ఆ మాట ఎత్తడం తొందరపాటు.

బొగ్గు లేని సీసా ఒక్కటి పక్కన పెట్టి, తేడా అంతా బొగ్గు ఖాతాలో వేసే అలవాటు మానుకోవాలి. ఇంకో సీసాలో బొగ్గు లేకుండానే పీహెచ్‌ను బొగ్గు సీసాతో సమానంగా నిలపాలి. మరో దానిలో ఆమ్లంతో కడిగి బూడిద తీసేసిన బొగ్గు వేయాలి. చక్కెర లేకుండా బొగ్గు మాత్రమే ఉన్న సీసా కూడా ఉండాలి. పీహెచ్ నిలిపిన సీసా బొగ్గు సీసాతో సమానంగా హైడ్రోజన్ ఇస్తే, ఆ పని క్షారానిదే. తినే సోడాతో అయ్యే పనికి బట్టీ పెట్టి పొట్టు కాల్చడం ఎందుకు?

పులియడం మొదలవడానికి సీసాలో విత్తనంగా వేసే గోబర్ గ్యాస్ తొట్టి ముద్దలో హైడ్రోజన్‌ను తిని మీథేన్ చేసే జీవులూ ఉంటాయి. బొగ్గు వాటికీ అనుకూలమే. అందుకే ముద్దను ముందుగా బాగా వేడి చేస్తారు: ఆ జీవులు చస్తాయి, క్లాస్ట్రిడియం బీజాలు బతుకుతాయి. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో 2014 భట్నాగర్ పురస్కార గ్రహీత ఎస్. వెంకటమోహన్ బృందం ఇలాంటి మిశ్రమ సూక్ష్మజీవులతోనే వ్యర్థజలాల నుంచి హైడ్రోజన్ తీసింది. ఆ పత్రాలు చదవకుండా ప్రయోగం మొదలుపెట్టకూడదు.

హైడ్రోజన్ తీశాక మిగిలిన ఆమ్లపు నీటిని పారబోయకూడదు. చక్కెరలోని శక్తిలో సగానికి పైగా అందులోనే ఉంటుంది. వేడి చేయని ముద్ద ఉన్న రెండో తొట్టిలోకి పంపితే అది మీథేన్ అవుతుంది. బొగ్గును వడకట్టకుండా దానితోపాటే పంపవచ్చు.